వాటా కాదు, వంతు: చిక్కడపల్లి డీటీపీ సిస్టమ్ మీద రెండు నెలల డైరీ

సెప్టెంబరు 13, 2025, శనివారం

చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీకి కాస్త అవతల, ఓ సందులో బాబాయ్ డీటీపీ షాపు. పెళ్ళి పత్రికలు, థీసిస్‌లు, అప్పుడప్పుడూ ఓ కవితా సంపుటి. ఈ ఏడాది మాత్రం పెద్ద పని ఒప్పుకున్నాడు. 1930ల నాటి వ్యాసాల పుస్తకం, ఆరొందల పేజీలు. డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే బుక్ ఫెయిర్ నాటికి మళ్ళీ అచ్చులోకి రావాలి. మొత్తం కొత్తగా కంపోజ్ చేయించేంత టైము లేదు. పేజీలు స్కాన్ చేసి, టెసరాక్ట్ అనే ప్రోగ్రాముతో ఓసీఆర్ తీసి (అంటే బొమ్మలోని అక్షరాలను టెక్స్టుగా మార్చి), వచ్చినదాన్ని అక్క దిద్దాలి. పదిహేనేళ్ళుగా ఆ షాపులో ఆపరేటరుగా ఉంది. ఆ సందులో అందరికీ ఆమె అక్కే.

ఉన్నది ఒక్కటే సిస్టమ్. నాలుగో తరం ఐ5 ప్రాసెసరు, నాలుగు కోర్లు (ఒకేసారి నాలుగు పనులు చేసే భాగాలు), 8 జీబీ ర్యామ్, డెబియన్ 12 అనే లినక్స్ ఎక్కించిన చిన్న ఎస్ఎస్‌డీ, స్కాన్లూ పని ఫైళ్ళూ పెట్టుకునే పాత 1 టీబీ హార్డ్ డిస్క్. వెనకాల ఓసీఆర్ నడుస్తుండగా ముందు అక్క ప్రూఫు చూసుకోవాలి. అక్కడే వచ్చింది చిక్కు.

ఇవాళ పక్కన కుర్చీ వేసుకుని అరగంట చూశాను. "లక్ష్మి" కొడుతోంది. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి: యూనికోడ్ లెక్కలో ఏడు. ల, క, పొల్లు కొట్టి తలెత్తితే తెర మీద "లక" మాత్రమే ఉంది. పొల్లు పడలేదనుకుని ఇంకోసారి కొట్టింది. మరుక్షణం రెండు పొల్లులూ వచ్చి పడ్డాయి. ఒకటి చెరిపి, ఎక్కడిదాకా వచ్చామో చూసుకుని, మళ్ళీ మొదలు. పేజీకి ఇట్లా పది పన్నెండు సార్లు.

"తమ్ముడూ, నా చెయ్యి ముందు పోతుంది, అక్షరం వెనక నడుచుకుంట వస్తుంది. పడిందో లేదో అని అనుమానమొచ్చి రెండోసారి కొడ్తున్న," అంది.

బాబాయ్ కొత్త సిస్టమ్ కొనేద్దాం అంటున్నాడు. రెండు వారాలు ఆగమన్నాను. నాలుగు కోర్లున్న మెషీను ఒక మనిషి టైపింగుకి చాలకపోవడం ఏమిటో నాకు తేలాలి.

సెప్టెంబరు 14, ఆదివారం

షాపుకి సెలవు. తాళం చెవి తీసుకుని ఒక్కడినే వచ్చాను. "స్లోగా ఉంది" అనుకుంటూ కూర్చుంటే లాభం లేదు, ఎంత స్లోనో తెలియాలి. ఫోన్ కెమెరాను సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో పెట్టి, కీబోర్డూ మానిటరూ రెండూ పడేలా పుస్తకాల దొంతికి ఆనించాను. కీ కిందికి దిగిన ఫ్రేము నుంచి అక్షరం తెర మీద కనబడ్డ ఫ్రేము దాకా లెక్కపెట్టడమే. ఒక్కో ఫ్రేము 4.2 మిల్లీసెకన్లు. వేలికీ కంటికీ మధ్య ఉన్నవన్నీ, కీబోర్డు నుంచి మానిటరు దాకా, ఈ లెక్కలోకి వస్తాయి. అక్క పడే బాధ కొలవడానికి ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి నాకు తెలియదు.

ఓసీఆర్ ఆపేసి ఇరవై సార్లు "క" కొడితే సగటున 15 ఫ్రేములు, అంటే 62 మిల్లీసెకన్లు. ఓసీఆర్ నడుస్తుండగా 48 ఫ్రేములు, 200 మిల్లీసెకన్లు. రెండుసార్లు 90 దాటింది. అక్క చేత రెండోసారి పొల్లు కొట్టించేది ఆ 90లే. సగటు ఎంతున్నా చెయ్యి దానికి అలవాటు పడుతుంది. ఎప్పుడు ఎంత ఆగుతుందో తెలియనప్పుడే తడబడుతుంది.

అనుకోకుండా ఇంకోటి కనబడింది. అదే లోడులో, అదే విండోలో, ఇంగ్లిషు లేఅవుట్‌తో కొడితే 27 ఫ్రేములే. తెలుగుకే ఎందుకింత ఆలస్యం?

కాగితం మీద దారి గీసుకుంటే అర్థమైంది. ఇంగ్లిషు అక్షరమైతే కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) నుంచి విండోలను చూసుకునే గ్నోమ్ షెల్‌కి, షెల్ నుంచి అక్క టైపు చేసే లిబ్రేఆఫీస్ రైటర్‌కి దాదాపు నేరుగా వెళ్తుంది. అక్క వాడేది ఆపిల్ లేఅవుట్, అను ఫాంట్ల కాలం నుంచి చేతికి అలవాటైనది. లినక్స్‌లో అది కీలను మన భాషల అక్షరాలుగా మార్చే ఐబస్ కింద ఎం17ఎన్ ఇంజను ద్వారా వస్తుంది. అంటే కీ ముందు ఐబస్ డీమన్ (వెనకాల నడిచే ప్రోగ్రాము) దగ్గరికి పోతుంది. డీమన్ ఇంజనుని లేపుతుంది. అది ఏ అక్షరమో తేల్చి ఇంజను మళ్ళీ డీమన్‌కి చెబుతుంది. అక్కణ్ణుంచి రైటర్‌కి. రైటర్ అక్షరాల ఆకారం కట్టే హార్ఫ్‌బజ్ చేత ఆ అక్షరాన్ని ఒత్తుతో సహా మళ్ళీ కట్టించి గీస్తే, షెల్ దాన్ని తెర మీదికి పంపుతుంది. ప్రతి మెట్టు దగ్గరా ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) నిద్ర లేవాలి, లేచినదానికి ఓ కోరు దొరకాలి. కోర్లన్నీ ఓసీఆర్ చేతిలో ఉంటే ప్రతి మెట్టు దగ్గరా మళ్ళీ క్యూ. ఒక్కో క్యూలో పది మిల్లీసెకన్లు పోతే ఆరేడు మెట్లకు ఎంతవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఐబస్‌కి, ఇంజనుకి కావలసిన సీపీయూ టైము కలిపి చూసినా మిల్లీసెకనుకి అటూ ఇటూగా ఉంటుంది. అవి సీపీయూలో పెద్ద వాటా అడగడం లేదు. లేచినప్పుడు వెంటనే వంతు అడుగుతున్నాయి. ఎవరికి ఎప్పుడు కోరు ఇవ్వాలో చూసే షెడ్యూలరు, వాటాలు సమానంగా పంచి తన పని న్యాయంగానే చేస్తోంది, అక్క అక్షరం మాత్రం ఆలస్యమవుతోంది. ఈ ప్రాజెక్టంతా ఈ రెండు మాటల మధ్యే తిరుగుతుందని ఇవాళే అనిపించింది.

సెప్టెంబరు 21, ఆదివారం

ముందు ఓసీఆర్ స్క్రిప్టు మీద పడ్డాను. నాలుగు కోర్లు కదా అని ఒకేసారి నాలుగు టెసరాక్ట్‌లు నడిపేలా రాసి ఉంది. చూడ్డానికి సబబే. కానీ నడుస్తున్న పనులు చూపే టాప్ కమాండులో థ్రెడ్లు (ఒక ప్రాసెస్ లోపలి పని పాయలు) విడదీసి చూస్తే పరిగెడుతున్నవి నాలుగు కాదు, పదహారు.

టెసరాక్ట్ 1980లలో హెచ్‌పీలో పుట్టింది. 2005లో సోర్సు బయటికొచ్చింది. 2018లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి న్యూరల్ నెట్‌వర్క్‌తో చదువుతోంది. తెలుగుకి పనికొచ్చే ఓసీఆర్ ఉచితంగా దొరుకుతోందంటే ఆ మార్పు వల్లే. అయితే ఆ న్యూరల్ భాగం, పనిని పాయలుగా పంచే ఓపెన్‌ఎంపీతో ఒక్కో ప్రాసెస్‌లో నాలుగు థ్రెడ్లు తెరుస్తుంది. ఒక్క పేజీ చదివించేటప్పుడు బాగానే ఉంటుంది. నాలుగు ప్రాసెస్‌లు కలిసినప్పుడు పదహారు థ్రెడ్లు నాలుగు కోర్ల కోసం కొట్టుకుంటాయి. పైగా ఈ థ్రెడ్లు పని లేనప్పుడు వెంటనే పడుకోవు. పక్క థ్రెడ్డు పని అయిపోయిందేమోనని కాసేపు అక్కడే తిరుగుతూ కాచుకుంటాయి. ఆ తిరగడం కూడా సీపీయూ ఖర్చే.

ఓఎంపీ థ్రెడ్ లిమిట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1 చేశాను. మార్పు అంతే. 40 పేజీలకు ఇంతకు ముందు 8 నిమిషాల 40 సెకన్లు పట్టేది, ఇప్పుడు 5 నిమిషాల 50 సెకన్లు. టైపింగ్ 48 ఫ్రేముల నుంచి 31కి దిగింది. ఓసీఆరూ వేగం పెరిగింది, అక్క పనీ తేలికైంది. ఓసీఆర్ పెద్ద ఎత్తున నడిపేవాళ్ళు మిగతావాటి జోలికి పోయే ముందు ఈ ఒక్కటీ చూసుకోవాలి.

తర్వాత నైస్, అంటే ఒక ప్రాసెస్ పక్కవాటికి ఎంత దారి ఇవ్వాలో చెప్పే అంకె. లినక్స్‌లో నైస్ విలువ మైనస్ 20 నుంచి 19 దాకా ఉంటుంది. 0 ఉన్నదానికి బరువు 1024, 19 ఉన్నదానికి 15. ఓసీఆర్‌ని 19కి దించితే, దానితో పోటీ పడే మామూలు ప్రాసెస్‌కి 98 శాతం పైగా రావాలి. ఎంతో ఆశగా పెట్టాను. 31 ఫ్రేములు కాస్తా 26 అయ్యాయి, అంతకు మించి కదల్లేదు.

రాత్రి తొమ్మిదిన్నర దాకా కూర్చుంటే గాని కారణం దొరకలేదు. లినక్స్‌లో ప్రోగ్రాములను మొదలుపెట్టి నడిపించే సిస్టమ్‌డీ, ప్రాసెస్‌లను గుంపులుగా కడుతుంది. సీజీల్స్ కమాండుతో చెట్టు గీయించి చూశాను. టెర్మినల్, దాని కింద ఓసీఆర్, రైటర్ ఇవన్నీ యాప్ అనే కొమ్మలో ఉన్నాయి. గ్నోమ్ షెల్, ఐబస్ సెషన్ అనే వేరే కొమ్మలో. నైస్ విలువ తన కొమ్మలో ఉన్నవాళ్ళతో పోలికకే పనికొస్తుంది. కొమ్మకీ కొమ్మకీ మధ్య పంపకం కొమ్మల బరువును బట్టి జరుగుతుంది, అక్కడ నైస్‌కి నోరు లేదు. కాబట్టి రైటర్‌కి కొంత మేలు జరిగింది. ఐబస్, షెల్ ఎప్పట్లాగే క్యూలో నిలబడ్డాయి. "నైస్ పెట్టాను, ఏ తేడా లేదు" అని ఎంతోమంది అనగా విన్నాను. వాళ్ళలో చాలామందికి జరిగింది ఇదే అయ్యుంటుంది.

సెప్టెంబరు 23, మంగళవారం, రాత్రి

ఆఫీసు అయ్యాక మెట్రో దిగి షాపుకి వచ్చాను. అక్క ఇంటికి వెళ్ళబోతూ, "అయితదా తమ్ముడూ?" అని అడిగింది. అయితది అన్నాను.

మొదట ఓసీఆర్‌ని బ్యాక్‌గ్రౌండ్ అనే కొమ్మలో పెట్టి, దాని మీద సీపీయూ వెయిట్ "ఐడిల్" (ఇంకెవరికీ అక్కర్లేనప్పుడే నడవాలి) అని రాశాను. పెద్దగా మారలేదు. మొన్నటి పొరపాటే ఇంకో రూపంలో చేశానన్నమాట: ఓసీఆర్‌ని ఐడిల్ చేసింది బ్యాక్‌గ్రౌండ్ కొమ్మ లోపల, అక్కడ దానికి పోటీయే లేదు. బయట పోటీ పడుతున్నది ఆ కొమ్మ మొత్తం.

అందుకని ఓసీఆర్ కోసం యాప్, సెషన్ కొమ్మల పక్కనే, వాటి వరసలోనే, సొంత కొమ్మ ఒకటి కట్టాను. సిస్టమ్‌డీ యూజర్ ఫోల్డర్‌లో ఓసీఆర్ డాట్ స్లైస్ అని రెండు లైన్ల ఫైలు: పైన స్లైస్ అనే శీర్షిక, కింద సీపీయూ వెయిట్ ఈక్వల్స్ ఐడిల్. స్క్రిప్టుని సిస్టమ్‌డీ-రన్‌తో యూజర్ హోదాలో, ఆ స్లైస్ పేరు ఇచ్చి మొదలుపెట్టాలి. డెబియన్ 12లో ఉన్న సిస్టమ్‌డీ 252కి ఈ "ఐడిల్" మాట తెలుసు, కెర్నెల్‌కి 5.15 నుంచే తెలుసు.

దీనివల్ల రెండు జరుగుతాయి. మామూలు కొమ్మ బరువు 1024 అయితే ఐడిల్ కొమ్మది 3. మనకి అసలు కావలసింది రెండోది: మామూలు కొమ్మలో ఏ ప్రాసెస్ నిద్ర లేచినా, ఐడిల్ కొమ్మ పని ఎక్కడున్నదక్కడ ఆపి కోరు అప్పగించాలి. నీ ముక్క పూర్తి చేసుకో, అప్పటిదాకా వాళ్ళు ఆగుతారు అనే మర్యాద దానికి లేదు. వంతు అంటే ఇదే.

కెమెరా పెట్టి కొలిచాను. 17 ఫ్రేములు. నలభై సార్లు కొట్టినా 22 దాటలేదు. ఓసీఆర్‌కి పట్టిన టైము 5 నిమిషాల 50 సెకన్ల నుంచి 5 నిమిషాల 56 సెకన్లు. ఆరు సెకన్లు! టైపింగుకి కావలసింది ఎంత చిన్నదో ఆ ఆరు సెకన్లే చెబుతాయి. అంత చిన్నదాని కోసం ఇన్నాళ్ళూ అక్క చేతులు ఆగిపోయాయి.

గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి. ప్రోక్ కింద ప్రెషర్ ఫోల్డరులో సీపీయూ ఒత్తిడి అంకె (పనులు సీపీయూ కోసం ఎంతసేపు ఆగుతున్నాయో కెర్నెల్ చెప్పేది) ఈ మార్పు తర్వాత కూడా పెద్దగా తగ్గలేదు. కంగారు పడ్డాను. వంతు కోసం ఆగుతున్న ఓసీఆర్ కూడా ఆ లెక్కలో ఉంటుంది కదా, తగ్గదు. సెషన్ కొమ్మకు సొంతంగా ఉన్న ప్రెషర్ ఫైలు చూస్తే సున్నాకి దగ్గరగా ఉంది. చూడాల్సింది దాన్నే.

సెప్టెంబరు 28, ఆదివారం

అక్క మొన్నంతా హాయిగా కొట్టిందట. కానీ ఇంకో మాట చెప్పింది: "మంచిగనే ఉంది తమ్ముడూ. పది నిమిషాలకొకసారి మాత్రం ఊపిరి బిగవట్టినట్టు ఆగుతది. విండోనే కదలది." పది నిమిషాలు అని అంత కచ్చితంగా ఎలా చెప్పగలిగావంటే, గోడ గడియారం చూసి రాసి పెట్టుకున్నానంది. ప్రూఫు చీటీ వెనక వరసగా టైములు. 11.12, 11.22, 11.32. సగం పని అక్కడే అయిపోయింది: రైటర్ ఆటో రికవరీ మామూలుగా పది నిమిషాలకోసారి సేవ్ చేస్తుంది.

ఇవాళ అలాగే జరిగేలా చేసి, సీపీయూ, మెమరీ, ఐఓ (డిస్కు రాకపోకలు) ప్రెషర్ ఫైళ్ళు మూడూ పక్కపక్కన తెరిచి పెట్టాను. ఇవి 2018 డిసెంబరులో 4.20 కెర్నెల్‌తో వచ్చాయి, అప్పుడు ఫేస్‌బుక్‌లో పనిచేస్తున్న జోహానస్ వైనర్ చేసినవి. "సమ్" అంటే కనీసం ఒక ప్రాసెస్ అయినా ఆగి ఉన్న సమయం ఎంత శాతమో. "ఫుల్" అంటే పని ఉన్నవన్నీ ఒకేసారి ఆగిపోయిన సమయం. ఎన్ని పనులు వరసలో ఉన్నాయో చెప్పే లోడ్ యావరేజ్, 9 అనో 20 అనో చెప్పి ఊరుకుంటుంది. లినక్స్‌లో అది డిస్కు కోసం ఆగినవాటినీ కలిపేసుకుంటుంది కాబట్టి జబ్బు ఎక్కడుందో దానివల్ల తెలియదు. ప్రెషర్ ఫైలు ఏ అవయవం నొప్పి పెడుతోందో చెబుతుంది. రైటర్ బిగుసుకుపోయిన క్షణాన సీపీయూ వరసలో ఏమీ మారలేదు. ఐఓ వరసలో "ఫుల్" పదిసెకన్ల సగటు 60 దాటింది.

అంటే ఇది షెడ్యూలరు సంగతే కాదు. స్క్రిప్టు ప్రతి పేజీనీ 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కల) రంగుల టిఫ్ బొమ్మగా హార్డ్ డిస్కు మీద విప్పుతోంది. ఏ4 పేజీకి 4960 ఇంటూ 7016 పిక్సెళ్ళు, పిక్సెల్‌కి మూడు బైట్లు: దాదాపు 100 మెగాబైట్లు. కెర్నెల్ దాన్ని వెంటనే డిస్కుకి పంపదు, ర్యామ్‌లో దాచుకుంటుంది. ఇలా రాయాల్సిన పేజీలు అందుబాటులో ఉన్న ర్యామ్‌లో 20 శాతం దాకా పోగవనివ్వడం డిఫాల్ట్. మెమరీ లెక్కలు చూపే మెమ్‌ఇన్ఫో ఫైలులో డర్టీ (ఇంకా డిస్కుకి రాయనిది) అన్న వరస చూస్తుండగానే ఒక జీబీ దాటింది. హద్దు దగ్గరికొచ్చాక రాసేవాళ్ళందరినీ కెర్నెల్ నిలబెడుతుంది. అదే డిస్కు మీద అక్క ఫైలు. దాని నాలుగొందల కిలోబైట్లు ఒక జీబీ వెనకాల వరసలో నిలబడ్డాయి. అది కదిలేదాకా విండో కదలదు.

ఐఓనైస్ (డిస్కు వరసలో నైస్ లాంటిది) పెడదామనుకుని ఆగాను. చదివేవాటికీ, నేరుగా రాసేవాటికీ అది పనిచేస్తుంది. ఇలా ర్యామ్‌లో దాచి తర్వాత పంపే రాతలను పంపేది మన ప్రాసెస్ కాదు, కెర్నెల్ థ్రెడ్. మన ఐఓనైస్ దాకా ఆ విషయం రానే రాదు.

చేసినవి ఇవి. 600 రంగులు తీసేసి 300 డీపీఐ గ్రే చేశాను. టెసరాక్ట్‌కి 300 చాలు, పేజీ 8.7 మెగాబైట్లకు దిగింది, పన్నెండో వంతు. పాత పుస్తకం కాబట్టి తప్పులు పెరుగుతాయేమోనని ఇరవై పేజీలు పక్కపక్కన పెట్టి చూశాను. వ, ప లు, ధ, ఛ లు అప్పుడూ తారుమారయ్యాయి, ఇప్పుడూ అవుతున్నాయి, కొత్తగా చెడింది లేదు. విప్పే చోటుని హార్డ్ డిస్కు నుంచి ఎస్ఎస్‌డీలో ఉన్న టీఎంపీ అనే తాత్కాలిక ఫోల్డరుకి మార్చాను. డర్టీ హద్దుని శాతంలో కాకుండా బైట్లలో, 64 మెగాబైట్లకు కట్టేశాను. హార్డ్ డిస్కుకి, దాని పనులకు వరస కట్టే బీఎఫ్‌క్యూ షెడ్యూలరు పెట్టాను. పావోలో వలెంతే అనే ఆయన ఏళ్ళ తరబడి పట్టుబట్టి చేసిన పని అది, 2017లో 4.12తో కెర్నెల్‌లోకి వచ్చింది. డిస్కు మీద ఒకడు మూటలు దింపుతుంటే చేతిలో ఒక్క ఉత్తరం ఉన్నవాడిని ముందు పంపుతుంది.

వీటిలో అసలు మందు మొదటిదే. ఓసీఆర్‌కి అవసరం లేని పిక్సెళ్ళు ఇన్నాళ్ళూ మోయించాం. మిగతావి మళ్ళీ ఎప్పుడైనా ఎవరైనా పెద్ద ఫైలు కాపీ చేస్తే పనికొస్తాయి.

అక్టోబరు 2, గురువారం, దసరా

షాపు మూత. పొద్దున బాబాయ్ సిస్టమ్‌కీ ప్రింటరుకీ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. కీబోర్డు మీద పసుపు పడకుండా అక్క ముందే చీరముక్క కప్పి వెళ్ళిందట. బ్యాకప్ తీసుకుని మధ్యాహ్నం నుంచి డెబియన్ 13కి మార్చడం మొదలుపెట్టాను. కారణం ఒకటే. 12లో ఉన్న 6.1 కెర్నెల్ పాత షెడ్యూలరుది, 13లో ఉన్న 6.12 కొత్తదానిది. రెండూ ఒకే మెషీను మీద కొలిచి చూసే అవకాశం మళ్ళీ రాదు.

ప్యాకేజీలు దిగుతుండగా ఈ కథ రాసి పెడుతున్నాను, ఎందుకంటే ఇందులో నాకు ఎంతో గౌరవమున్న మనిషి ఒకరున్నారు. కాన్ కొలివాస్ ఆస్ట్రేలియాలో మత్తుమందు డాక్టరు. వృత్తి రీత్యా ప్రోగ్రామరు కాదు. 2000ల మొదట్లో లినక్స్ పెద్ద సర్వర్ల మీద పరుగులు తీస్తుంటే, ఇంట్లో డెస్క్‌టాప్ మీద పాట తెగుతోంది, మౌసు ఆగుతోంది అని పట్టించుకున్నది ఆయన. అప్పటి షెడ్యూలరు ఏ ప్రాసెస్ మనిషి కోసం పని చేస్తోందో ఊహించడానికి ప్రయత్నించేది, ఊహ తప్పితే అంతా తలకిందులయ్యేది. ఊహలొద్దు, న్యాయంగా పంచితే చాలని ఆయన 2007లో ఒక షెడ్యూలరు రాసి చూపించారు. కెర్నెల్ ప్రోగ్రామరు ఇంగో మోల్నార్ ఆ ఆలోచనను అందుకుని, తనదైన పద్ధతిలో సీఎఫ్ఎస్ అనే షెడ్యూలరు రాశారు. 2007 అక్టోబరులో 2.6.23తో అది కెర్నెల్‌లోకి వెళ్ళింది, కొలివాస్‌ది వెళ్ళలేదు. మోల్నార్ ఆయనకు దక్కవలసిన పేరు ఇచ్చారు. 2009లో కొలివాస్ మళ్ళీ బీఎఫ్ఎస్ అని ఇంకొకటి రాశారు, డెస్క్‌టాపుల కోసమే. పొద్దంతా ఆపరేషన్ థియేటరులో నిలబడి, రాత్రి ఎవరి మౌసో ఆగకూడదని కెర్నెల్ రాసిన మనిషి. అక్క పక్కన కూర్చున్నప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు.

సీఎఫ్ఎస్ ప్రతి ప్రాసెస్‌కీ ఇప్పటిదాకా ఎంత సమయం దక్కిందో లెక్క రాసుకుని, అందరికన్నా తక్కువ దక్కినవారికి తర్వాతి వంతు ఇస్తుంది. వాటాల పంపకంలో దానికి వంక పెట్టలేం. కానీ "నాకు కొంచెమే కావాలి, కాకపోతే త్వరగా కావాలి" అని చెప్పుకునే దారి అందులో లేదు. బరువు పెంచితే త్వరగా వస్తుంది, దాంతోపాటు వాటా కూడా పెరిగిపోతుంది.

ఆ దారి 1995లోనే అయాన్ స్టోయికా, హుస్సేన్ అబ్దెల్-వహాబ్ ఒక పత్రంలో చూపించారు. పేరు ఈఈవీడీఎఫ్. కెర్నెల్ ప్రోగ్రామరు పీటర్ జిల్‌స్ట్రా దాన్ని లినక్స్‌కి తెస్తే 2023 అక్టోబరులో 6.6తో వచ్చింది, ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత. టిఫిన్ సెంటరులో ఒకతను నలభై దోశల పార్సిలు చెప్పాడు, వెనకాలతను ఒక్క ఇడ్లీ ప్లేటు అడిగాడు. ఇద్దరికీ బాకీ ఉంది. ఈఈవీడీఎఫ్ ఎవరికి ఎంత బాకీ అని మాత్రమే చూడకుండా, అడిగిన పని ఎంత చిన్నదో దాన్ని బట్టి గడువు కడుతుంది. బాకీ ఉన్నవాళ్ళలో ఎవరి గడువు ముందుంటే వాళ్ళకి ముందు వంతు. ఇడ్లీ ముందు వెళ్తుంది, నలభై దోశలకు అన్యాయం జరగదు. 6.12 నుంచి ప్రోగ్రాములు తమ ముక్క (ఒక్కో వంతులో దక్కే సమయం) ఎంత ఉండాలో తామే అడగొచ్చు, 0.1 మిల్లీసెకను నుంచి 100 దాకా.

సాయంత్రం ఆరింటికి కొత్త కెర్నెల్ లేచింది. నా ఓసీఆర్ స్లైస్ తీసేసి, నైస్ లేకుండా, మామూలుగా నడిపి కొలిచాను. పాత కెర్నెల్‌లో 31 ఉన్నది 25 వచ్చింది. చిన్న సీ ప్రోగ్రాము రాసి ఐబస్ డీమన్‌కీ ఇంజనుకీ అర మిల్లీసెకను ముక్క అడిగితే 22. స్లైస్ తిరిగి పెడితే 16, ముక్క అడిగినా అడక్కపోయినా అంతే. కొత్త షెడ్యూలరు నిజంగా మెరుగే. అయినా ఏది తొందరపనో, ఏది తీరుబడిగా చేయదగినదో మనం చెప్పినప్పుడు వచ్చే తేడా అంతకన్నా పెద్దది. సీ ప్రోగ్రాము పక్కన పెట్టేశాను, స్లైస్ ఉంచాను.

అక్టోబరు 5, ఆదివారం

నిన్న మధ్యాహ్నం అక్క ఫోన్. సిస్టమ్ ఇదివరకటి కన్నా ఘోరంగా ఉంది, ఓసీఆర్ కూడా మధ్యలో ఆగిపోయింది. కొత్త కెర్నెలే కొంప ముంచిందేమోనని రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. నమ్మి అప్పగించిన సిస్టమ్, దిగాల్సిన పుస్తకం.

ఇవాళ చూస్తే మెమరీ ప్రెషర్ "సమ్" నిమిషం సగటు 40. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కు మీద వాడే చోటు) నిండా ఉంది. ఓసీఆర్ లాగులో 440వ పేజీ దగ్గర "డిస్కులో చోటు లేదు". ఎస్ఎస్‌డీలో చూస్తే బోలెడు చోటుంది.

డెబియన్ 13లో టీఎంపీ ఫోల్డరు డిస్కు మీద ఉండదు, ర్యామ్‌లో ఉంటుంది. ర్యామ్‌లో సగం దాకా వాడుకోనిస్తుంది. మొన్న నేనే విప్పే చోటుని టీఎంపీకి మార్చాను. స్క్రిప్టు ఆఖర్న గాని ఏదీ చెరపదు. పేజీకి 8.7 మెగాబైట్ల చొప్పున 440 పేజీలు: 3.8 జీబీ. 8 జీబీ మెషీనులో సగం అలా టిఫ్‌లతో నిండిపోయి, అక్క రైటరూ బ్రౌజరూ స్వాప్‌లోకి తోసేయబడ్డాయి. రిలీజ్ నోట్సులో ఈ సంగతి స్పష్టంగా రాసి ఉంది. అప్‌గ్రేడుకి ముందు ఆ నోట్సు మొత్తం చదవాలి, నేను కెర్నెల్ భాగం మాత్రం చదివాను.

విప్పే చోటు వార్ కింది టీఎంపీకి మారింది, అది డిస్కు మీదే ఉంటుంది. పేజీ చదవగానే దాని టిఫ్ చెరిపేసేలా స్క్రిప్టు దిద్దాను. ఇప్పుడు ఏ క్షణాన చూసినా నాలుగు పేజీలకు మించి విప్పి ఉండవు. సోమవారం పొద్దున అక్కకి నేనే ఫోన్ చేసి, జరిగింది చెప్పి, ఇబ్బంది పెట్టినందుకు క్షమించమని అడగాలి.

అక్టోబరు 12, ఆదివారం

వారమంతా ఫోన్ రాలేదు. ఇవాళ వెళ్ళేసరికి అక్క కొంచెం పని మిగిలి ఉండి షాపులోనే ఉంది. వెనకాల రెండో విడత ఓసీఆర్ నడుస్తోంది, ఆమెకు తెలియదు. కెమెరా పెట్టలేదు. పక్కన నిలబడి చెవులతో విన్నాను. కీబోర్డు చప్పుడు ఎక్కడా తెగడం లేదు. "తత్త్వశాస్త్రజ్ఞులు" అని కొట్టింది, తలెత్తి చూడకుండా.

అక్టోబరు 26, ఆదివారం

చిన్న పని. ఓసీఆర్ గంట దాటితే మెల్లగా నెమ్మదిస్తోంది. లాగులో వేడికి క్లాక్ తగ్గించిన జాడలున్నాయి. మూత తీస్తే ప్రాసెసరు ఫ్యాన్ కింద పదేళ్ళ దుమ్ము, దూదిలాగా. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటరు మార్కెట్‌లో థర్మల్ పేస్టు, పాత 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఒకటి తెచ్చి వేశాను. మొత్తం ఇప్పుడు 16. షెడ్యూలరు ఎంత మంచిదైనా కోరు తన వేగంలో సగానికి పడిపోతే అది పంచేదీ సగమే.

నవంబరు 9, ఆదివారం

మిగిలింది ఒక్క అనుమానం. అక్క అర్థం చూడ్డానికి బ్రౌజరులో నిఘంటువు తెరిచినప్పుడు అప్పుడప్పుడూ ఒక తటాలు. మెమరీయే. ఓసీఆర్ స్లైస్ ఫైలులో మెమరీ హై 3 జీబీ అని మూడో లైను చేర్చాను. ఆ హద్దు దాటితే కెర్నెల్ ఓసీఆర్ ప్రాసెస్‌లనే నెమ్మదింపజేసి, వాటి దగ్గరే తిరిగి వసూలు చేసుకుంటుంది, అక్క విండోల జోలికి పోదు. ఇరవై సార్లు నిఘంటువు తెరిచి మూశాను, ఒక్కసారీ ఆగలేదు. టైపింగ్ 16 ఫ్రేములు, అన్నిటికన్నా ఎక్కువ వచ్చినది 20.

మూడు లైన్ల ఆ ఫైలు ప్రింటు తీసి, సిస్టమ్ పక్కన గోడకి అంటించాను. రేపు నేను లేనప్పుడు ఇంకొకరు సిస్టమ్ మార్చినా దాన్ని చూసి కొట్టుకోవచ్చు. బాబాయ్ కొత్త సిస్టమ్ మాట మానేసి, ఆ డబ్బుతో అక్కకి మంచి కుర్చీ కొందామంటున్నాడు. అక్కకి మెష్ వీపున్నది కావాలట, కోఠీలో చూసి వచ్చింది.

ప్రెస్సు వాళ్ళు 20 కల్లా ఫైలు అడిగారు. ఇంకా 130 పేజీల ప్రూఫు ఉంది.